సీసా మీది పేరు, ట్యాంకు మీది రంగు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: 1/35 స్కేలులో జర్మన్ పాంథర్ ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ కిట్టు కడుతున్నాను. ‘డార్క్ ఎల్లో’ అని రాసి ఉన్న రంగులు రెండు కంపెనీలవి కొన్నాను. ఒకటి ఆవపిండిలా పచ్చగా ఉంది, రెండోది బూడిద కలిసినట్టు వెలవెలబోతోంది. వీటిలో అసలు రంగు ఏది? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: రెండింటిలో దేన్ని వాడినా తప్పని ఎవరూ నిరూపించలేరు. జర్మన్ సైన్యం 1943 ఫిబ్రవరిలో వాహనాల పునాది రంగును ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మార్చింది. ఆర్‌ఏఎల్ అనే జర్మన్ ప్రామాణిక రంగుల పట్టికలో పాత రంగు సంఖ్య 7021, కొత్తదాని సంఖ్య 7028. పాంథర్ తొలిసారి పెద్ద ఎత్తున పోరులోకి దిగింది ఆ ఏడాది జూలైలో, కుర్స్క్ దగ్గర. కాబట్టి మీ ట్యాంకుకు పసుపు పునాదే సరైనది. పేచీ అంతా ఆ పసుపు ఎంత పసుపన్నదే.

పునాది మీద వేసే ఆకుపచ్చ, ఎరుపు కలిసిన గోధుమ రంగులు చిక్కటి ముద్దగా డబ్బాల్లో దళాలకు అందేవి. వాటిని నీళ్లతోనో పెట్రోలుతోనో పల్చన చేసి, పిచికారీ ఉంటే పిచికారీతో, లేకపోతే కుంచెతో సిబ్బందే పూసుకునేవారు. పల్చన ఎక్కువైన చోట కింది పసుపు తొంగిచూసేది, తక్కువైన చోట రంగు దట్టంగా నిలిచేది. పక్కపక్కన నిలిపిన రెండు ట్యాంకులే ఒకేలా ఉండని చోట, పట్టికలోని రంగు నమూనాను పట్టుకుని వెంట్రుకవాసి తేడాల గురించి తగువులాడటం నాకైతే కాలక్షేపంగానే కనిపిస్తుంది. ఆ శ్రద్ధను మీ ట్యాంకు ఏ నెలది, ఏ యుద్ధరంగంలో తిరిగినది అని తేల్చుకోవడం మీద పెట్టండి. ఉదాహరణకు, అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా పూసే జిమ్మెరిట్ అనే గరుకు పూతను ఫ్యాక్టరీలు 1944 సెప్టెంబరులో ఆపేశాయి. ఆ తరువాత తయారైన బండికి ఆ పూత పెట్టారంటే, ఎంత ఖరీదైన రంగు సీసా అయినా దాన్ని కాపాడలేదు.

ఫొటోలు చూసి రంగు తేల్చుకుందామనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. ఆ కాలపు చిత్రాల్లో చాలా మటుకు నలుపు–తెలుపువే. వాటిలో ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు పట్టదు కనుక ఎర్రటి గోధుమ రంగు ఉన్నదానికంటే నల్లగా పడుతుంది. అందువల్ల ఫొటో నుంచి మచ్చల ఆకారాన్ని, అంచులను తీసుకోవచ్చు గానీ, రంగును తీసుకోలేము.

అంచుల సంగతి చాలామంది పట్టించుకోరు. పిచికారీతో వేసిన మచ్చకు అసలు ట్యాంకు మీద ఏడు సెంటీమీటర్ల మేర అంచు చెదిరి ఉందనుకుంటే, 1/35లో అది రెండు మిల్లీమీటర్లే. మీ ఎయిర్‌బ్రష్ అంచు సెంటీమీటరు వెడల్పున పొగలా పరచుకుంటే, రంగు ఎంత కచ్చితమైనదైనా బండి బొమ్మలాగే కనిపిస్తుంది. గాలి ఒత్తిడి తగ్గించి, రంగును మరికాస్త పల్చన చేసి, సూదిని ప్లాస్టిక్‌కు బాగా దగ్గరగా పెట్టి కొట్టండి.

ఇక సీసా ఎంపిక. 1/35 మోడల్‌ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటమంటే అసలు ట్యాంకును పదిన్నర మీటర్ల నుంచి చూడటమే. దూరం పెరిగితే గాలి రంగును వెలవెలబోయేలా చేస్తుందని చెప్పి తెలుపు కలపమంటారు కానీ, పది మీటర్లలో గాలి చేసేది ఏమీ ఉండదు. తెలుపు కలపడానికి బలమైన కారణం వెలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే మన గదిలో దీపాల వెలుతురు కొన్ని వందల లక్స్‌లే; అందులో ముదురు రంగులు నల్లబడి వివరాలను మింగేస్తాయి. పైగా ఆ తరువాత మీరు వేసే వాష్‌లు, అంటే బాగా పల్చన చేసిన ముదురు రంగు పూతలు, మొత్తాన్ని మరో మెట్టు ముదురు చేస్తాయి. అందుకే మీ రెండు సీసాల్లో బూడిద కలిసినట్టున్నదాన్నే పునాదిగా ఎంచుకోమంటాను. ముందు రెండింటినీ పాత ప్లాస్టిక్ ముక్క మీద వేసి, పూర్తిగా ఆరనిచ్చి, మ్యాట్ వార్నిష్ కూడా కొట్టి, మోడల్‌ను చివరికి ఏ అలమారాలో పెడతారో అక్కడి దీపం కిందే చూడండి. పగలు వరండాలో ఒక్కటిగా కనబడిన రెండు రంగులు రాత్రి ట్యూబ్‌లైటు కింద వేరుపడిపోవడం మామూలే.

ప్రశ్న: 1971 యుద్ధంలో మన పీటీ–76 ట్యాంకును బెంగాల్ బురదలో దిగబడినట్టు చేయాలని ఉంది. మా ఊరి కాలువ ఒండ్రు వాడవచ్చా? రంగు కోసం స్మారకంగా నిలిపిన ట్యాంకులను చూస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆలోచన బాగుంది. 1971 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర పీటీ–76లు పోరాడిన నేల కూడా నదులు మోసుకొచ్చిన ఒండ్రే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బయటపడే మన బురద రంగు దానికి దగ్గరగానే ఉంటుంది. చిక్కు రేణువుతో వస్తుంది: ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది. కనుక మట్టిని బాగా ఎండబెట్టి, పెనం మీద వేయించి, నూరి, పలుచటి గుడ్డలో జల్లించి, ఆ గుడ్డ దాటినదాన్నే వాడండి. వేయించకపోతే అందులోని ఆకుల పీచు మీద బూజు పడుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పునేలల మట్టి మాత్రం వద్దు. ఉప్పు తేమను పీల్చుకుని కొన్ని నెలల తరువాత తెల్లగా పైకి తేలుతుంది. ఇంకొక మాట, తడి బురద ముదురుగానూ ఆరిన బురద లేతగానూ ఉంటుంది కాబట్టి చక్రాల దగ్గర తడిదాన్ని, పై పలకల మీద ఆరినదాన్ని చూపితేనే బండి నడిచి వచ్చినట్టుంటుంది.

స్మారక ట్యాంకులను కొలతలకు, బోల్టుల అమరికకు తప్పక చూడండి. రంగుకు మాత్రం నమ్మకండి. ఎండావానలకు తట్టుకోవాలని వాటికి మళ్లీ మళ్లీ దొరికిన ఎనామిల్ పూస్తుంటారు. ఆ మెరుపు, ఆ ఆకుపచ్చ నిర్వహణ చూసేవారివి, యుద్ధకాలానివి కావు.

ప్రశ్న: లాకర్ రంగు కొట్టిన అరగంటకే తెల్లటి పొర కమ్ముతోంది. రంగు పాడైందా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రంగుది తప్పు కాదు, గాలిలోని తేమది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని నీరు దాని మీద పడుతుంది. సార్వా నాట్ల రోజుల్లో మన డెల్టాలో ఇది తప్పదు. ముసురు పట్టిన రోజున, చీకటి పడ్డాక స్ప్రే పెట్టుకోకండి. కంప్రెసర్ గొట్టానికి తేమను పట్టే ఫిల్టర్ బిగించి, థిన్నర్‌లో కొద్దిగా రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలపండి. ఇప్పటికే పొర కమ్మిన చోట, పొడి వాతావరణంలో, రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను మాత్రమే చాలా పలుచగా ఒకసారి కొడితే చాలావరకు పోతుంది. పోకపోతే సన్నటి తడి ఎమెరీ కాగితంతో రుద్ది మళ్లీ రంగు వేసుకోవాలి.