ప్లాట్‌ఫాం ఎంచుకునే ముందు మూడేళ్ల లెక్క వేసుకో

చి. మేనకోడలికి,

మీ మామయ్య ఆశీస్సులు. శిక్షణ సంస్థవారి వెబ్‌సైట్ పని నీకు దక్కినందుకు చాలా సంతోషించాను. దాన్ని వర్డ్‌ప్రెస్ అనే సిద్ధంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో కట్టాలా, జాంగో అనే ప్రోగ్రామింగ్ చట్రంలో మొదటి నుంచి రాయాలా, అన్నీ తామే సమకూర్చే విక్స్ లాంటి సేవలో అమర్చి ఇవ్వాలా అన్నది తేల్చుకోలేక, సైట్‌ను తమ మెషీన్‌లో ఉంచి నడిపే నాలుగు హోస్టింగ్ కంపెనీల నెలవారీ ధరలను పట్టికగా వేసి పంపావు. ఆ పట్టికలో నీ శ్రమ కనిపిస్తోంది కానీ అందులో ఉన్నవన్నీ చేరేటప్పటి ధరలే. ఇన్నేళ్లలో సైట్ యజమానులు ఖర్చు గురించి బాధపడటం నేను చూసింది మొదటి ఏడాదిలో కాదు. రెన్యువల్ బిల్లు వచ్చిన రోజున, లేదా ఉన్నచోటు వదిలి వెళ్ళాలనుకున్న రోజున. అందుకని నీ పట్టికకు రెండు గడులు చేర్చు: మూడేళ్లకు కలిపి ఎంతవుతుంది, అక్కడి నుంచి సైట్‌ను తరలించాలంటే ఎంత పని పడుతుంది.

ప్లాట్‌ఫాం పేరు తలచుకునే ముందు, నువ్వు పని ముగించి వచ్చేశాక ఆ సైట్‌ను రోజూ ఎవరు తెరుస్తారో ఆలోచించు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆఫీసులో ముగ్గురు కోర్సుల వివరాలు మారుస్తారు, వ్యాసాలు పెడతారు, దరఖాస్తులు చూసుకుంటారు. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వాటిని నడుపుతోంది. ఆ అంకెను నేను గొప్ప కోసం చెప్పడం లేదు. రేపు నువ్వు అందుబాటులో లేకపోయినా దాన్ని బాగుచేయగలవాళ్లు వాళ్లకు దొరుకుతారని దాని అర్థం, అది కూడా ఖర్చులో భాగమే. జాంగో ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టి 2005లో బయటికి వచ్చింది కనుక, సమాచారం నింపే అడ్మిన్ పేజీలను అది తానే తయారుచేసి ఇస్తుంది. అయినా విద్యార్థుల ఫీజు వాయిదాలు, మార్కులు, హాజరు లాంటి ప్రత్యేకమైన లెక్కలు ఉన్నప్పుడే దాని శ్రమకు ఫలితం ఉంటుంది. నీ పనిలో అవేవీ లేవు.

ఇక హోస్టింగ్. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే మెషీన్‌ను ఎందరో ఖాతాదారులు పంచుకోవడం. ప్రకటనలో ‘అన్‌లిమిటెడ్’ అని ఉన్నా, ఎన్ని ఫైళ్లు పెట్టుకోవచ్చు, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు, అంటే ప్రోగ్రాములు, నడపవచ్చు అన్న పరిమితులు నిబంధనల పేజీలో ఉంటాయి. అక్కడే రెన్యువల్ ధర కూడా ఉంటుంది. అది మొదటి ధరకు రెట్టింపు, అంతకు మించి కూడా ఉండటం మామూలే. మూడేళ్ల లెక్క వేయమన్నది ఇందుకే. సైట్‌కూ చూసేవారికీ మధ్య రాకపోకలను భద్రంగా ఉంచే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు అడుగుతుంటే ఎందుకని నిలదీయి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ వాటిని ఏళ్ల తరబడి ఉచితంగానే ఇస్తోంది.

వీపీఎస్, అంటే నీకంటూ కేటాయించిన వర్చువల్ మెషీన్, చవకగా కనిపిస్తుంది, కానీ ఆ మెషీన్‌కు అప్‌డేట్లు వేయడం, రాత్రివేళ ఆగిపోతే లేపడం నీ పనే అవుతుంది. నీ గంటలకు విలువ కట్టి ఆ వరుసలో కలుపు. మెమరీ లెక్క కూడా చూడు. 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ కలిసి సగం తీసుకున్నాయనుకుందాం. వర్డ్‌ప్రెస్ పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్ ఒక్కొక్కటి 60 ఎంబీ వాడితే, ఒకేసారి ఎనిమిది మంది కోరిన పేజీలను మాత్రమే అది తయారుచేయగలదు. తొమ్మిదోవారు వేచి ఉండాలి. పేజీ క్యాష్ పెట్టావంటే, ఒకసారి తయారై దాచిపెట్టిన పేజీ పీహెచ్‌పీని తట్టకుండానే వెళ్ళిపోతుంది, అదే మెషీన్ కొన్ని వందల మందిని మోస్తుంది. సైట్ నెమ్మదించిందని చెప్పి పెద్ద ప్లాన్ కొనిపించేవాళ్లను చాలామందిని చూశాను. ముందు క్యాష్ సరిచూడకుండా అలా కొనిపించడం తప్పు.

వాడకాన్ని బట్టి బిల్లు వేసే క్లౌడ్ సేవల్లో, బయటికి వెళ్ళే డేటా మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. పేజీ 2 ఎంబీ ఉండి, నెలలో 50,000 సార్లు తెరిస్తే 100 జీబీ వెళ్ళినట్టు. ఫొటోలను వెబ్‌పీ అనే తక్కువ బరువుండే రూపంలోకి మార్చి పేజీని 500 కేబీకి దించితే అది 25 జీబీకి తగ్గుతుంది. 200 ఎంబీ పాఠం వీడియోను వెయ్యిమంది చూస్తే అదొక్కటే 200 జీబీ, కాబట్టి వీడియోలను వీడియో సేవలోనే పెట్టించు. బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే చాలనుకోకు. అలర్ట్ నీకు కబురు పంపుతుంది, దానంతటది ఖర్చును ఆపదు. నీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బిల్లు మారవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ వెబ్ సర్వీసెస్ వాడుకలో ఉన్న పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో మెషీన్‌ను గుర్తించే అంకెల చిరునామా) కూడా గంటల లెక్కన వసూలు చేస్తోంది. సైట్లను నడిపిపెట్టే హెరోకు అనే సేవ తన ఉచిత ప్లాన్లను 2022 నవంబరులో తీసేసింది. వాళ్ల వ్యాపారం వాళ్లది, కానీ ఉచితం మీద ఒక సంస్థ పనిని నిలబెట్టే బాధ్యత మాత్రం మనదవుతుంది.

నాకు జరిగినది ఒకటి చెబుతాను. ఒకసారి ఒక సైట్‌ను హెరోకు లాంటి ప్లాట్‌ఫాం మీద పెట్టాను. సాయంత్రం అక్కడి ఉద్యోగిని వార్షికోత్సవం ఫొటోలు ముప్పై దాకా ఎక్కించింది, చక్కగా కనిపించాయి. మరునాడు ఉదయం శీర్షికలు మిగిలాయి, ఫొటోలు ఉండాల్సిన చోట ఖాళీ గడులు ఉన్నాయి. ఆ ప్లాట్‌ఫాంలో సర్వర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ డిస్క్ తొలి స్థితికి వెళ్ళిపోతుంది, ఫైళ్లను విడిగా స్టోరేజ్ సేవలో దాచుకోవాలి. ఆ మాట వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంది, నేను చదవలేదు. ఆమె కెమెరాలోంచి అప్పటికే ఫొటోలు తుడిచేసింది. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచక నేను ఫోన్ పట్టుకుని చాలాసేపు మౌనంగా ఉండిపోయాను.

తరలింపు గడి నింపడం కష్టమేమీ కాదు. వర్డ్‌ప్రెస్ అయితే డేటాబేస్ డంప్ (సైట్ సమాచారమంతటి నకలు), ఫొటోలూ ప్లగిన్లూ ఉండే డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్ తీసుకుంటే చాలు, మరో హోస్ట్‌లో సైట్ లేచి నిలబడుతుంది. విక్స్‌లో కట్టిన సైట్‌ను అలా ఎత్తి మరోచోట నడపలేవు, మళ్ళీ కట్టాల్సిందే. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన ఈ బెడద ఉండదనీ కాదు: వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన ద్రుపాల్‌లో 7వ వెర్షన్ నుంచి 8కి మారడం చాలామందికి సైట్‌ను తిరిగి కట్టడంతో సమానమైంది, ఆ 7కు మద్దతు 2025 జనవరిలో ముగిసిపోయింది. డొమైన్‌ను, అంటే సైట్ చిరునామా పేరును, మాత్రం తప్పకుండా సంస్థ పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తో, హోస్టింగ్‌తో ముడిపెట్టకుండా కొనిపించు.

నా మాట అడిగావు కనుక చెబుతున్నాను: వర్డ్‌ప్రెస్ తీసుకో. అదనపు సౌకర్యాలు చేర్చే ప్లగిన్లు ఎనిమిది, పదికి మించనీయకు. ఈ సైట్లలోకి చొరబాట్లు ఎక్కువగా పాతబడిన ప్లగిన్ల గుండానే జరుగుతాయి. రెన్యువల్ ధరను దాచని షేర్డ్ హోస్టింగ్ చూడు, బ్యాకప్ మరో కంపెనీ దగ్గర ఉండేలా చెయ్యి. ఆ బ్యాకప్‌తో ఖాళీ సర్వర్ మీద సైట్‌ను ఒకసారి లేపి చూశాకే వాళ్లకు అప్పగించు. ఆ రెండు గడులూ నింపిన పట్టికను, అడ్వాన్స్ కట్టించేలోగా నాకు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య