టెక్ సందేహాలు: బ్లాక్‌జాక్ బోనస్ లెక్క సరే, ఆ యాప్ సంగతేంటి?

ప్రశ్న: ఆన్‌లైన్ కాసినోలో పది వేలు వేస్తే ఇంకో పది వేలు బోనస్ ఇస్తామంటున్నారు. బ్లాక్‌జాక్ అనే పేకాటను, ఎప్పుడు ఏం చేయాలో చెప్పే చార్ట్ చూసి ఆడితే, కాసిన డబ్బులో కాసినోకు మిగిలేది అర శాతమేనట. అలాగైతే బోనస్‌లో ఎక్కువ భాగం మనకే రావాలి కదా? టెలిగ్రామ్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌తో, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా, యాప్ ఇన్‌స్టాల్ చేశాను. డబ్బు ఇంకా వేయలేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేయకండి. ఈ ప్రశ్న ఊరు మార్చుకుని నాకు వస్తూనే ఉంది. అందరూ అర శాతం దగ్గరే ఆగిపోతున్నారు, షరతుల పేజీ ఎవరూ తెరవడం లేదు.

ఆ పేజీలో వేజరింగ్ అని ఒక షరతు ఉంటుంది. బోనస్‌కు 30 రెట్లు పందెం కాస్తేనే డబ్బు బయటికి తీయనిస్తారనుకుందాం. పది వేలకు అది 3 లక్షలు. మీ అర శాతం లెక్కన ఇందులో సగటున పోయేది 1,500. అక్కడితో అయిపోతే మీ మాటే నిజం. కానీ ఈ లెక్క కాసినో వాళ్లకూ తెలుసు. అందుకే స్లాట్లలో (బొమ్మలు తిరిగే ఆటల్లో) కాసిన ప్రతి రూపాయినీ పూర్తిగా లెక్కలోకి తీసుకుని, బ్లాక్‌జాక్‌లో కాసినదానికి 10 శాతమే కలుపుతారు. కొన్నిచోట్ల అదీ ఉండదు. పది శాతమంటే మీరు కాయాల్సింది 30 లక్షలు. అందులో అర శాతం 15,000. వచ్చే బోనస్ పది వేలు, ఆటలో పోయేది పదిహేను వేలు. ఆ అర శాతం కూడా బ్లాక్‌జాక్ (మొదటి రెండు కార్డులకే 21) పడితే 3కి 2 చొప్పున ఇచ్చే టేబుల్ మీద మాట. 6కి 5 ఇచ్చే టేబుల్‌లో కాసినో వాటా దాదాపు 2 శాతానికి పెరుగుతుంది. కార్డులు లెక్కపెట్టి గెలుస్తామా అంటే, సాఫ్ట్‌వేర్ ప్రతి ఆటకూ పేకను కొత్తగా కలిపేస్తుంది. లెక్కపెట్టడానికి అక్కడేమీ మిగలదు.

డబ్బు లెక్క ఇక్కడికి చాలు. నాకు అసలు టెన్షన్ మీరు చివర్లో తేలిగ్గా రాసిన ఆ ఏపీకే గురించి.

బయటి నుంచి వచ్చిన యాప్‌కు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అంత సులువుగా దొరక్కుండా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డుకట్ట పెట్టారు. ఈ మోసగాళ్లు దాన్ని ఎలా దాటాలో వీడియో తీసి మరీ పంపుతారు: సెట్టింగ్స్‌లో యాప్ పేరు మీదికి వెళ్లండి, పైన మూడు చుక్కలు నొక్కండి, ‘అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ అనండి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీ కూడా ఆన్ చేశారంటే మీ స్క్రీన్ మీద కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. దానికి ఎస్సెమ్మెస్ పర్మిషన్ కూడా ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరుతుంది. ప్రమాదకరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని ఏ యాప్ అడిగినా అక్కడే ఆగిపోవాలి.

ఈ విషయంలో ఫోన్ల తయారీదార్ల మీదా నాకు కోపమే. తక్కువ ధర ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు, తీసేయడానికి వీల్లేని సొంత యాప్ స్టోర్, ఫైల్ మేనేజర్ నుంచి కూడా ‘ఆడండి, గెలవండి’ నోటిఫికేషన్లు! డబ్బులిచ్చి కొన్న వస్తువులో ఇదేం పద్ధతి? ఆ ఫోనే ఇంట్లో పెద్దవాళ్ల చేతిలోనూ ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ ‘ఇన్‌స్టాల్’ నొక్కడం వాళ్లకు అలవాటు చేసింది ఈ ప్రకటనలే. ఒక్క స్విచ్‌తో అన్నీ ఆగిపోయేలా పెట్టడం ఆ కంపెనీలకు చేతకాని పనేం కాదు. పెట్టరంతే.

ఇక చట్టం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. బ్యాంకులు వీటికి చెల్లింపులు జరపకూడదని కూడా అందులో ఉంది. అందుకే ఈ యాప్‌లు డబ్బు వేయమని చూపించే యూపీఐ ఐడీ చాలాసార్లు ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తిది. ఆ ఖాతా మీద సైబర్ కేసు ఉంటే, దాంతో లావాదేవీ చేసినందుకు మీ ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు. జీతం పడే ఖాతా అయితే ఇంటి అద్దె కూడా కట్టలేరు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: నెట్ ఆపేసి, యాక్సెసిబిలిటీ పర్మిషన్ తీసేసి, యాప్ డిలీట్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. మీ ఫోన్‌ను బ్యాకప్ తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ బ్యాకప్‌లో ఫొటోలు, కాంటాక్టులు చాలు, ఏపీకేలు వద్దు. ఖాతాలోంచి ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ‘మీరు గెలిచిన డబ్బు విడుదల కావాలంటే ముందు ట్యాక్స్ కట్టండి’ అని మెసేజ్ వస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. గెలుపు మీద పన్నును (టీడీఎస్) గెలిచిన సొమ్ములోంచే కోస్తారు, ముందుగా మీ జేబులోంచి అడగరు.