హెలికాప్టర్ కింద వేలాడే ఆ బకెట్ సంగతేంటి?

ప్రశ్న: అడవులు తగలబడుతున్నప్పుడు హెలికాప్టర్ కింద తాళ్లకు వేలాడే సంచి లాంటిది వార్తల్లో చూపిస్తారు కదా, అందులోకి నీళ్లు ఎలా ఎక్కుతాయి? ఇంకా పెద్దది కడితే మంట త్వరగా ఆరిపోదా?

జవాబు: అది చాలావరకు బాంబీ బకెట్ అయి ఉంటుంది. కెనడాకు చెందిన డాన్ ఆర్నీ 1980ల మొదట్లో తయారుచేశాడు. అంతకుముందు గట్టి బకెట్లు ఉండేవి, అవి మడతపడవు, హెలికాప్టర్ లోపల పట్టవు, ఎంత దూరమైనా కింద వేలాడదీసుకుని మెల్లగా వెళ్లాల్సిందే. ఇది గట్టి గుడ్డతో చేసింది కాబట్టి మడిచి లోపల పడేసుకుని వేగంగా వెళ్లిపోవచ్చు.

నింపడానికి మోటారు, పంపు ఏమీ అక్కర్లేదు. అంచుకు ఒకవైపు బరువులు కట్టి ఉంటాయి, దానివల్ల చెరువులోకి దించగానే బకెట్ ఒరిగి మునుగుతుంది, పైకి లేపితే నిండుగా వస్తుంది. మంట మీదికి వచ్చాక పైలట్ స్విచ్ నొక్కితే అడుగున కవాటం తెరుచుకుని నీళ్లన్నీ ఒక్కసారిగా పడతాయి. నాకైతే ఇంత తేలికైన ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక సైజు. 300 లీటర్ల లోపు పట్టేవాటి నుంచి దాదాపు 10,000 లీటర్లు పట్టేవాటి దాకా ఉన్నాయి, కానీ లీటరు నీళ్లంటే కిలో బరువు, అది మోసే శక్తి హెలికాప్టర్‌కి ఉండాలి. వేడిగాలిలో, ఎత్తైన కొండల్లో గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. అందుకే బకెట్‌ను పట్టీతో బిగించి తక్కువ నీళ్లు పట్టేలా చేస్తారు, ఇంధనం ఖర్చయ్యి హెలికాప్టర్ తేలికయ్యే కొద్దీ వదులు చేస్తారు.

అసలు చూడాల్సింది సైజు కాదండీ, నీళ్లు ఎంత దగ్గర్లో ఉన్నాయన్నది. 1,000 లీటర్ల బకెట్ 3 నిమిషాలకోసారి వచ్చి పోస్తే గంటలో 20,000 లీటర్లు పడతాయి. 3,000 లీటర్లది 15 నిమిషాలకోసారి వస్తే 12,000 లీటర్లే. ఇంకో మాట, పైనుంచి పోసే నీళ్లు మంట జోరు తగ్గిస్తాయంతే. దాన్ని పూర్తిగా ఆర్పేది, చుట్టూ చెత్తా చెదారం తీసేసి మంట దాటకుండా గీత గీసేది కింద పొగలో పనిచేసే సిబ్బందే, ఆ కాస్త సమయం వాళ్లకు ఇవ్వడానికే ఈ బకెట్.

ప్రశ్న: కొన్ని హెలికాప్టర్లకు బకెట్ బదులు లావుపాటి గొట్టం వేలాడుతుంటుంది. అదేంటి?

జవాబు: వాటికి పొట్ట కింద ట్యాంక్ బిగించి ఉంటుంది, గొట్టం చివర పంపు ఉంటుంది. ఎస్-64 స్కైక్రేన్ అనే హెలికాప్టర్ ట్యాంకులో సుమారు 10,000 లీటర్లు పడతాయి, అది నిమిషంలోపే నిండుతుంది. బకెట్ మునగనంత లోతు తక్కువ కుంటల్లోనూ గొట్టం పనిచేస్తుంది. ఇళ్ల మీదుగా వెళ్లాల్సి వస్తే కింద వేలాడే బరువు లేదు కాబట్టి ట్యాంకే మేలు. కానీ బకెట్‌ను హుక్ ఉన్న ఏ హెలికాప్టర్‌కైనా, దాని శక్తికి తగ్గ సైజు చూసుకుని, తగిలించేయొచ్చు.

ప్రశ్న: దూరం నుంచి డ్రోన్‌తో వీడియో తీస్తే ఇబ్బందేమీ లేదు కదా?

జవాబు: ఉంది, దయచేసి ఎగరేయకండి. హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో, పొగలో తిరుగుతుంటాయి, పైలట్‌కి అంత చిన్న డ్రోన్ కనపడదు. అక్కడ డ్రోన్ ఉందని తెలిస్తే హెలికాప్టర్లన్నీ ఆపేస్తారు.