కాస్పియన్ సముద్రం ఒడ్డున ఏ జీవులు కనిపిస్తాయి?

కజకిస్తాన్‌లోని అక్టావ్‌కి ఉద్యోగం మీద వెళ్తున్నానని, కాస్పియన్‌లో అసలు జీవాలేమైనా ఉంటాయా లేక నూనె బావులున్న ఉప్పునీటి మడుగేనా అని అడిగారు. నేను ఆ ఊళ్లో కొన్నేళ్లు ఉన్నాను. సెలవు దొరికితే చాలు, ఒడ్డు వెంబడి తిరిగేవాణ్ణి. జీవాలు ఉంటాయి, బోలెడు ఉంటాయి. వాటిలో కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. అయితే వాటిని చూసే ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ఈ సముద్రానికి బయటికి దారి లేదు. అందులోకి వచ్చి పడింది ఏదీ బయటికి పోదు. లోపల ఉన్నవాటికి కష్టం వస్తే ఇంకో చోటికి వలస పోయే వీలూ లేదు.

నీటి ఉప్పదనం మామూలు సముద్రాల్లో మూడో వంతే. ఆటుపోట్లు దాదాపు తెలియవు. నీటిమట్టం ప్రపంచ సముద్రమట్టం కన్నా సుమారు 29 మీటర్లు దిగువన ఉంటుంది. దక్షిణాన ఇరాన్ వైపు వెయ్యి మీటర్ల లోతు ఉంటే, ఉత్తర భాగం సగటున 5 మీటర్లే. నూనె తీయడానికి అక్కడ కృత్రిమ దీవులు కట్టుకోగలిగారంటే లోతు ఎంత తక్కువో చూడండి. ఆ ఉత్తర భాగంలో ఉన్నది కాస్పియన్ మొత్తం నీటిలో నూటికి ఒక వంతు కూడా కాదు. కానీ సీల్ పిల్లలు పుట్టేది అక్కడే, చేపపిల్లలు మేతకి చేరేది అక్కడే, లక్షలాది వలస పక్షులు దిగేదీ అక్కడే. ఈ సముద్రంలోకి వచ్చే నదీజలాల్లో దాదాపు 80 శాతం ఒక్క వోల్గాదే. అదీ ఆ వైపే వచ్చి కలుస్తుంది. షార్కులు, డాల్ఫిన్లు, పగడాలు మాత్రం ఎక్కడా లేవు.

అందరూ ముందు అడిగేది కాస్పియన్ సీల్ గురించే. ఈ సముద్రంలో ఉన్న ఒకే ఒక్క క్షీరదం అది. ప్రపంచంలోని చిన్న సీల్ జాతుల్లో ఒకటి, పెద్దది కూడా మీటరున్నర దాటదు. నేను చూసిన మొదటిది ఓడరేవు గోడ పక్కన, రాయి విసిరితే తగిలేంత దూరంలో తల పైకెత్తింది. బయటికి కనిపించే చెవులు లేవు, గుండ్రటి నల్లని కళ్లు, మీసాల చివర నీటిచుక్కలు. బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. కాసేపు నన్నే చూసి, కొంచెం కూడా నీళ్లు చిందకుండా మునిగిపోయింది.

జనవరి చివర్లో, ఫిబ్రవరిలో ఉత్తరాన గడ్డకట్టిన మంచు మీద ఆడ సీల్ ఒక్క పిల్లని కంటుంది. పిల్ల ఒంటినిండా తెల్లటి బొచ్చు ఉంటుంది. ఆ బొచ్చు రాలి, ఈత వచ్చేదాకా దానికి మంచుపలకే ఇల్లు. చలికాలం వెచ్చబడి మంచు పల్చనైతే ఆ ఇల్లు ముందే కరిగిపోతుంది. దానికి తోడు తోడేళ్లు, గద్దల బెడద. మంచు చీల్చుకుంటూ వెళ్లే ఓడల దారి కూడా సరిగ్గా అవి పిల్లల్ని కనే చోట్ల మీదుగానే పోతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ సీల్స్ పది లక్షల దాకా ఉండేవని అంచనా. తర్వాత దశాబ్దాల పాటు తోలు కోసం, కొవ్వు కోసం వేటాడారు. 2000లో కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి వేల సంఖ్యలో చనిపోయాయి. 2008లో ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. 2020లో కజకిస్తాన్ తన రెడ్ బుక్‌లో, అంటే ముప్పులో ఉన్న జీవుల అధికారిక జాబితాలో చేర్చింది. 2022 డిసెంబరులో రష్యాలోని దాగెస్తాన్ తీరానికి సుమారు 2,500 కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఒడ్డున మీకూ చనిపోయినవి కనిపించవచ్చు, మనసు గట్టి చేసుకోండి. ఒక వసంతంలో గాలివాన వెలిశాక నేను చూసిన దాని మెడకి నైలాన్ తాడు మూడు నాలుగు చుట్లు బిగుసుకుని, చర్మం కోసుకుని లోపలికి దిగిపోయి ఉంది. అది సీల్ కోసం వేసిన వల కాదు, దొంగచాటుగా స్టర్జన్ చేపలు పట్టేవాళ్లు వేసే పెద్ద కన్నుల వల. ఆ దృశ్యం చూశాక కేవియర్ (ఆ చేప గుడ్లు, ఖరీదైన తిండి) మాట ఎవరెత్తినా నాకు ఆ మెడే గుర్తొస్తుంది.

స్టర్జన్ అంటే కేవియర్ ఇచ్చే చేప. ఒంటి మీద పొలుసులకి బదులు వరసలుగా ఎముక పలకలు, ముక్కు కింద నాలుగు మీసాలు, అడుగున గొట్టంలా బయటికి సాగే నోరు. కజకిస్తాన్‌లోనే ఉన్న అతిరావ్ ఊళ్లో, ఉరల్ నది ఒడ్డున ఉన్న హేచరీలో (చేపపిల్లల్ని పొదిగించి పెంచే చోటు) పిల్లల్ని దగ్గరగా చూశాను. వేలెడంత పిల్లకి కూడా వీపు మీద ఆ పలకలు గరగరలాడుతూ చేతికి తగులుతాయి. వీటిలో పెద్దదైన బెలూగా వందేళ్లు బతకగలదు. పాతకాలంలో టన్ను దాటినవి పట్టిన దాఖలాలున్నాయి. గుడ్లు పెట్టే వయసు రావడానికే పదిహేనేళ్లకి పైగా పడుతుంది కాబట్టి, ఒక ఆడ చేపని కోస్తే ఆ లోటు పూడటానికి ఓ తరం కావాలి. 1950ల చివర్లో వోల్గోగ్రాడ్ దగ్గర వోల్గా మీద ఆనకట్ట కట్టాక ఆ నదిలో బెలూగా గుడ్లు పెట్టే చోట్లు దాదాపు అన్నీ అందకుండా పోయాయి. ఉరల్ నది దిగువన మాత్రం అలాంటి అడ్డు లేదు. అందుకే అతిరావ్‌లో ఆ చేపపిల్లల్ని చూస్తే నాకు నిజంగా ఆశ కలిగింది.

ఇప్పుడు మీకు చాలామంది చెప్పని జీవి గురించి. ఆగస్టు చివరి నుంచి అక్టావ్ ఒడ్డున ఈదితే చేతికి మెత్తగా, పారదర్శకంగా ఏదో తగులుతుంది. భయపడకండి, కుట్టదు. దాని పేరు మ్నెమియోప్సిస్. జెల్లీ ఫిష్‌లా కనిపించే కోంబ్ జెల్లీల్లో ఒకటి. దోసిట్లోకి నీళ్లతో సహా తీసుకుని ఎండకి పెడితే ఒంటి మీది ఎనిమిది వరసల వెంట్రుకలు ఆడుతూ ఇంద్రధనుస్సు రంగులు పైనుంచి కిందికి పరుగెడతాయి. రాత్రి నీళ్లు కదిపితే నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు వస్తుంది. ఎంత చూసినా తనివి తీరదు. కానీ ఈ సముద్రాన్ని దెబ్బతీసిన వాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది. అమెరికా అట్లాంటిక్ తీరం నుంచి ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీళ్లలో 1980ల్లో నల్ల సముద్రానికి వచ్చింది. అక్కణ్ణించి మనుషులు తవ్విన వోల్గా–డాన్ కాలువ గుండా కాస్పియన్‌లోకి చేరింది. 1999లో ఇక్కడ బయటపడింది. దీనికి జత అక్కర్లేదు, ఒక్కటే గుడ్లు పెట్టి, వాటిని తనే ఫలదీకరణ చేసుకోగలదు. కిల్కా అనే చిన్న చేపలు తినే, నీళ్లలో తేలే బుల్లి జీవుల్ని ఇది ఊడ్చేసింది. రెండు మూడేళ్లలో కిల్కా వేట కుప్పకూలి, ఇరాన్, అజర్‌బైజాన్ జాలర్ల పొట్ట కొట్టింది. సీల్‌కీ ముఖ్యమైన తిండి ఆ కిల్కానే. బయటి సముద్రమైతే చేపలు వేరే చోటికి తప్పుకునేవి. ఇక్కడ ఎక్కడికి పోతాయి?

మనుషులు కావాలని తెచ్చినవీ ఉన్నాయి. 1930ల్లో నల్ల సముద్రం నుంచి ములెట్ చేపల్ని తెచ్చి వదిలారు. గాలాలు వేసేవాళ్ల బుట్టల్లో అవి కనిపిస్తాయి. రాళ్ల కింద పెద్ద రొయ్యల్లాంటి క్రేఫిష్ ఉంటాయి, పెద్ద తలల గోబీ చేపలుంటాయి. ఎండాకాలం రాళ్ల మధ్య నీళ్లలో చారల పాములు ఈదుతుంటాయి. చేపలు తినే ఆ నీటిపాములకి విషం లేదు, వాటి మానాన వాటిని వదిలేస్తే చాలు. ఇసుకంతా ఆలిచిప్పల ముక్కలే. ఊళ్లో చాలా గోడలకి వాడిన రాయి కూడా పాత సముద్రాల చిప్పలు గట్టిపడి ఏర్పడిందే, దగ్గరగా చూస్తే గుల్లలు లెక్కపెట్టొచ్చు.

పక్షులకైతే చలికాలమే సీజన్. హంసలు ఒడ్డుకి వచ్చేస్తాయి. ఊరికి దక్షిణాన కరాకోల్ అనే సరస్సు ఉంది, పవర్ ప్లాంట్ వేడి నీళ్ల వల్ల అది గడ్డకట్టదు. అక్కడ హంసలతో పాటు ఫ్లెమింగోలూ ఉంటాయి, మన పులికాట్‌కి వచ్చే జాతే. 2024 జనవరిలో అదే సరస్సులో బర్డ్ ఫ్లూతో హంసలు వందలాదిగా చనిపోయాయి. కాబట్టి చనిపోయిన పక్షిని ముట్టుకోకండి.

ఇక నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం నీళ్లు వెనక్కి పోవడం. 1990ల మధ్య నుంచి మట్టం తగ్గుతూనే ఉంది. అక్టావ్‌లో ఒకప్పుడు నీళ్లలోకి దిగే మెట్లు ఇప్పుడు ఎండిన నాచు పట్టిన రాళ్ల మీద ఆగిపోతాయి. 2023 జూన్‌లో ఊళ్లో అత్యవసర పరిస్థితి కూడా ప్రకటించారు. 2020లో వచ్చిన ఒక శాస్త్రీయ అంచనా ప్రకారం 2100 నాటికి ఇంకో 9 నుంచి 18 మీటర్లు తగ్గవచ్చు. ఉత్తర భాగం లోతు సగటున 5 మీటర్లే అని పైన చెప్పాను కదా, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

వెళ్లాక బైనాక్యులర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. సీల్స్ కోసం ఏప్రిల్‌లో ప్రయత్నించండి, బొచ్చు రాల్చుకోవడానికి అవి దిబ్బల మీద గుంపులుగా చేరే కాలం అది. కేవియర్ రోడ్డు మీద ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనండి. ఫామ్‌లో పెంచిన చేపది, సైటెస్ (ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) లేబుల్ ఉన్నదే కొనండి. దేశం దాటించాలంటే మనిషికి 125 గ్రాములే పరిమితి. ఒడ్డున బతికున్న సీల్ కనిపిస్తే నీళ్లలోకి తోయొద్దు, అది విశ్రాంతికి వచ్చి ఉండొచ్చు. దూరంగా నిలబడి, కుక్కల్ని దగ్గరికి రానివ్వకుండా చూసి, గాయపడినట్టు అనిపిస్తే 112కి ఫోన్ చేయండి.