తామరాకు నేర్పిన గోడ రంగు

ప్రశ్న: వాన పడితే దానంతటదే శుభ్రమయ్యే గోడ రంగు ఉందట, తామరాకును చూసి చేశారట. నిజమేనా అండీ? మా ఇంటి బయటి గోడ ఏటా వానలకు నల్లబడిపోతోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిజమేనండీ. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆకులు పరీక్షిస్తూ ఒకటి గమనించారు: దుమ్ము పట్టేది నున్నటి ఆకులకే, గరుకుగా ఉన్నవి కడగకుండానే శుభ్రంగా ఉన్నాయి. మనం అనుకునేదానికి పూర్తిగా రివర్స్ కదా! తామరాకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు గొట్టాలు ఉంటాయి, నీటిబొట్టు ఆ కొనల మీదే నిలుస్తుంది, కిందంతా గాలే, అందుకే పరుచుకోలేక గుండ్రంగా దొర్లిపోతూ దారిలో ఉన్న దుమ్మునంతా అంటించుకుని పోతుంది. చేమాకు మీద కాస్త పసుపు చల్లి నాలుగు చుక్కలు నీళ్లు వేయండి, పిల్లలు కళ్లారా చూస్తారు.

ఈ సూత్రంతోనే 1999లో లోటుసాన్ అనే బయటి గోడల రంగు వచ్చింది. సబ్బు, నీళ్లు, రుద్దే పని తగ్గుతాయి, నాకు నచ్చింది అదే. కాకపోతే ఆకు తన మైనాన్ని తానే మళ్లీ పుట్టించుకుంటుంది, రంగు అరిగితే మళ్లీ వేయించాల్సిందే. పైగా నీటిని అంటనివ్వని పూతలు కొన్నింటిలో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి, అవి మట్టిలో, నీటిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, అలాంటివి నేనైతే వద్దనే అంటాను, షాపులో అడిగి మరీ కొనండి. అన్నిటికంటే ముందు మీ గోడకు పైనుంచి నీరు ఎక్కడ కారుతోందో చూసి బాగు చేయించండి, చెమ్మ దిగుతుంటే ఏ రంగూ ఆగదు.