కింగ్ సైజ్ హస్కీకి రెండున్నర రెట్ల ధర పెట్టాలా?

ప్రశ్న: మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, అప్పులు లేవు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి పక్కన పెట్టుకున్నాం. మా అబ్బాయి ఎప్పటి నుంచో హస్కీ కుక్క కావాలంటున్నాడు. ఒక బ్రీడర్ దగ్గర రెండు నెలల ‘కింగ్ సైజ్’ హస్కీ పిల్లలున్నాయి. పెద్దయితే 40 కిలోలు దాటుతాయట. మామూలు హస్కీకి రెండున్నర రెట్లు ధర చెబుతున్నాడు. ఆడ, మగ జత తీసుకుంటే వాటి పిల్లల్ని అమ్మి ఏడాదిన్నరలో పెట్టుబడి రాబట్టుకోవచ్చంటున్నాడు. తల్లిదండ్రులకు డాక్టర్ చెకప్ అయింది, పేపర్లు ఉన్నాయి అన్నాడు. నిధిలో సగం తీసి జతను కొందామనుకుంటున్నాం. కొంచెం అడ్వాన్స్ ఇచ్చాం, మిగతాది ఈ వారంలోపు కట్టాలి. మీ సలహా ఏమిటి?

జవాబు: మిగతా డబ్బు కట్టకండి. హస్కీ వద్దని అనడం లేదు. మీ ఆదాయానికి ఒక కుక్కను హాయిగా పెంచుకోవచ్చు. మీరు అదనంగా కడుతున్నది దేనికో ముందు చూడండి.

సైబీరియన్ హస్కీ మధ్యస్థ సైజు జాతి. జాతి ప్రమాణాల్లో ఇది స్పష్టంగా ఉంది. కుక్కల జాతుల ప్రమాణాలు ప్రచురించే అంతర్జాతీయ సంఘం ఎఫ్‌సీఐ లెక్క ప్రకారం మగ హస్కీ ఎత్తు 53.5 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 20.5 నుంచి 28 కిలోలు. ఆడదైతే 50.5 నుంచి 56 సెంటీమీటర్లు, 15.5 నుంచి 23 కిలోలు. ఎత్తు హద్దు దాటితే పోటీలో అనర్హత. బరువు, ఎముక లావు ఎక్కువగా కనిపించినా మార్కులు తగ్గించాలని ప్రమాణమే చెబుతోంది. అంటే 40 కిలోల హస్కీ గొప్ప హస్కీ కాదు, ప్రమాణం ప్రకారం లోపం ఉన్న హస్కీ. అలాస్కన్ మలమ్యూట్ అనే పెద్ద జాతిలో కూడా మగదాని ఆదర్శ బరువు 38 కిలోల దగ్గర ఉంటుంది. కాబట్టి మీకు చూపిస్తున్నది సంకరమైనా అయి ఉండాలి, ఒళ్లు పెరిగిన కుక్కల సంతానమైనా అయి ఉండాలి. రెండింటిలో ఏదైనా, దానికి రెండున్నర రెట్లు ఎందుకు కట్టాలి?

ఈ హద్దులు ఎవరి ముచ్చట కోసమో పెట్టినవి కావు. సైబీరియా ఈశాన్యాన చుక్చీ ప్రజలు ఈ కుక్కల్ని తేలికపాటి బరువును చాలా దూరం లాగడానికి పెంచారు. గంటల తరబడి పరుగెత్తే కుక్కకు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవాలి. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ అది కష్టమవుతుంది, కీళ్ల మీద భారమూ పెరుగుతుంది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందును కుక్కల బళ్లు వంతులవారీగా చేర్చాయి కదా, అందులో అన్నిటికంటే ఎక్కువ దూరం లాగిన జట్టుకు ముందు నడిచిన టోగో బరువు 22 కిలోల దగ్గరే. ఆ కుక్కను ఈరోజు మీ బ్రీడర్ చూస్తే చిన్న సైజు అంటాడేమో.

చూడటానికి వెళ్తే తల్లి ఎత్తును మీరే కొలవండి. గట్టి నేల మీద నాలుగు కాళ్లూ నిటారుగా ఉండేలా నిలబెట్టి, మెడ వీపును కలిసే చోట, అంటే మూపు మీద, అట్ట పుస్తకం ఒకటి అడ్డంగా ఆనించండి. పుస్తకం అంచు నుంచి నేల వరకు టేపు పట్టండి. బొచ్చును నొక్కి పెట్టాలి, లేకపోతే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. తలను కలిపి కొలిచి చూపిస్తే ఒప్పుకోకండి. రెండు కళ్లూ నీలం కాబట్టి ఎక్కువ, పొడవాటి బొచ్చు కాబట్టి ఇంకా ఎక్కువ అని కూడా అనొచ్చు. గోధుమ రంగు, నీలం, ఒక్కో కన్ను ఒక్కో రంగు, అన్నీ ప్రమాణానికి సమ్మతమే. పొడవాటి జులపాల బొచ్చు మాత్రం లోపం కిందికే వస్తుంది.

ఇక అసలు విషయం. డబ్బు ఎక్కువ పెట్టదలిస్తే తల్లిదండ్రుల పరీక్షలకు పెట్టండి.

‘డాక్టర్ చెకప్ అయింది’ అంటే జ్వరం లేదు, గుండె చప్పుడు బాగుంది, టీకాలు పడ్డాయి అనే వరకే. ‘పేపర్లు’ అంటే ఎవరి పిల్ల ఎవరో రాసిన వంశావళి. రెండూ అవసరమే, కానీ వంశపారంపర్య జబ్బుల గురించి రెండూ ఏమీ చెప్పవు. హస్కీల విషయంలో ముఖ్యంగా చూడాల్సినవి తుంటి కీళ్లు, కళ్లు. తుంటికి ఎక్స్‌రే తీసి ప్రత్యేక సంస్థకు పంపి గ్రేడు తెప్పిస్తారు. అమెరికాలోని ఓఎఫ్ఏ 1966 నుంచి ఈ పని చేస్తోంది. రెండేళ్లు నిండాకే తుది గ్రేడు ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ నంబర్ మధ్యలో జీ28ఎఫ్ లాంటి ముక్క ఒకటి ఉంటుంది. జీ అంటే గుడ్, 28 అంటే పరీక్ష నాటికి వయసు నెలల్లో, ఎఫ్ అంటే ఆడది. చివర వీపీఐ అని ఉంటే మైక్రోచిప్ లాంటి శాశ్వత గుర్తుతో కుక్కను సరిచూశారని. ఇవన్నీ మీ ముందున్న తల్లితో సరిపోతున్నాయా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. హస్కీల్లో తుంటి జబ్బు చాలా పెద్ద జాతుల కంటే తక్కువే. అలా తక్కువగా ఉండటానికి పరీక్షించి జత కట్టించే బ్రీడర్లు కూడా ఒక కారణం.

కళ్ల పరీక్ష మాత్రం ఒక్కసారితో తీరేది కాదు. జంతు నేత్ర వైద్యులు చేసిన పరీక్ష ఏడాదికే చెల్లుతుంది, ఎందుకంటే శుక్లాలు ఏ వయసులోనైనా మొదలు కావచ్చు. ఈ జాతిలో పసితనపు శుక్లాలు, కార్నియా జబ్బు, గ్లకోమా కనిపిస్తాయి. రెటీనా, అంటే కంటి లోపలి తెర, క్రమంగా పాడైపోయే జబ్బుల్లో ఒక రకం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా పిల్లలకు వస్తుంది. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకదానిలో తేడా ఉన్నా చూపు చాలావరకు బాగానే ఉండొచ్చు. కానీ మగపిల్లలకు ఉండేది ఒక్క ఎక్సే, అందుకే ఆమె మగపిల్లల్లో సగటున సగం మందికి ఆ జబ్బు వస్తుంది. దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది, నోట్లో దూది పుల్ల తిప్పి నమూనా తీస్తే సరి. ఆ పరీక్ష కూడా చేయించని వ్యక్తికి రెండున్నర రెట్లు కట్టడం నాకు అస్సలు నచ్చదు.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగినదే కారణం. చాలా ఏళ్ల కిందట మేం ఒక హస్కీని తెచ్చుకున్నాం. అమ్మినాయన మంచిగానే మాట్లాడాడు. తల్లిదండ్రుల కళ్ల రిపోర్టు అడగాలని మాకు తెలియదు, అడగలేదు. ఏడాది దాటాక బంతి విసిరితే ఉత్సాహంగా పరుగెత్తేది, సగంలో ఆగి నేల మీద ముక్కు పెట్టి వెతికేది. బంతి దాని ముందే ఉండేది. రెండు కళ్లలోనూ శుక్లాలు. కొన్ని కుక్కల్లో అవి చిన్న మచ్చగా ఆగిపోతాయి, దానికి ఆగలేదు. ఆపరేషన్, చుక్కల మందులు, మళ్లీ మళ్లీ చెకప్‌లు కలిపి దాని ధరను ఎప్పుడో దాటేశాం. డబ్బు కంటే, అది మెట్ల దగ్గర కాలు గాల్లో పెట్టి తడుముకోవడం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మీ ‘పెట్టుబడి’ లెక్క చూద్దాం. మామూలు హస్కీ ధర 100 అనుకోండి. ఒక్కోటి 250 చొప్పున జతకు 500. ఒక కుక్క నెల ఖర్చు, తిండి, టీకాలు, మందులు కలిపి 10 అనుకుందాం, జతకు 20. తుంటి తుది గ్రేడు రావడానికి ఇంకా 22 నెలలు ఆగాలి, అంటే 440. గర్భం సుమారు 63 రోజులు, పిల్లల్ని ఎనిమిది వారాలు పెంచాలి, ఆ నాలుగు నెలలకు 80. మొత్తం 1020 అయింది. పరీక్షలు, స్కానింగ్, కాన్పు ఖర్చు, పిల్లల టీకాలు ఇందులో కలపలేదు, సిజేరియన్ అవసరమైతే అదీ కలపలేదు. ఈతకు ఐదు పిల్లలు పుట్టి 100 చొప్పున పోతే వచ్చేది 500. ఐదూ 250కి పోతేనే లెక్క పైకి తేలుతుంది, అలా పోవాలంటే ప్రమాణం తెలియని ఇంకో ఐదు కుటుంబాలు దొరకాలి. మీకు వద్దని నేను చెబుతున్న బేరాన్నే మీరు వాళ్లకు అంటగట్టాల్సి వస్తుంది.

ఆయన చెప్పిన ఏడాదిన్నర గడువును కూడా వెనక్కి లెక్కపెట్టండి. అప్పటికి మీ ఆడపిల్లకు 20 నెలలు. పిల్లల్ని అప్పటికే అమ్మేసి ఉండాలంటే పదహారో నెలలోనే జత కట్టించాలి. తుంటి గ్రేడు రాకముందే అన్నమాట. ఇంకో మాట అడగండి, ఈ ఆడ, మగ ఒకే తల్లి పిల్లలా? ఒకే ఈతలోవైతే మీరు అన్నాచెల్లెళ్లను జత కట్టిస్తున్నట్టు. అలా పుట్టిన పిల్లల్లో రక్తసంబంధ శాతం 25 దాకా పోతుంది, దాగి ఉన్న జబ్బులు బయటపడేది ఇలాంటి చోటే.

అందుకే పిల్లల అమ్మకం ఆలోచన పూర్తిగా పక్కన పెట్టండి. పరీక్షలు చేయించిన బ్రీడర్ దగ్గర, ప్రమాణంలో ఇమిడే సైజులో, ఒక్క పిల్లను తీసుకోండి. అలాంటివాళ్లలో చాలామంది పెంపుడు పిల్లను, దాని సంతానానికి రిజిస్ట్రేషన్ ఉండదనే షరతు మీదే ఇస్తారు, మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు అడుగుతారు, పెంచలేకపోతే తిరిగి తీసుకుంటామని రాసిస్తారు. వెయిటింగ్ లిస్టు ఉండొచ్చు. ఆ ఆలస్యం మీకు లాభమే. పైన అనుకున్న లెక్కలోనే ఒక హస్కీ 13 ఏళ్లు బతికితే నెలకు 10 చొప్పున 1560, అంటే కొన్న ధరకు 15 రెట్ల పైనే. కాబట్టి ఎదురుచూసే నెలల్లో కుక్క ఇంట్లో ఉన్నట్టే అనుకుని ఆ నెల ఖర్చును జీతం రోజే వేరే ఖాతాలోకి పంపండి. మూడు నాలుగు నెలలు ఇబ్బంది లేకుండా సాగిందా, మీరు సిద్ధమే. ఆ కూడినది వైద్య నిధికి మొదటి మెట్టు అవుతుంది. ఇంటి అత్యవసర నిధి జోలికి వెళ్లకండి, అది మీ ఉద్యోగాల కోసం, మీ ఆరోగ్యాల కోసం. ఇన్సూరెన్స్ తీసుకుంటే పిల్ల ఇంటికి రాగానే తీసుకోండి. ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా కవర్ ఉండదు, వంశపారంపర్య జబ్బుల క్లాజును పాలసీలో మీరే చదవండి.

అడ్వాన్స్ పోతుందని టెన్షన్ పడుతున్నారు కదా. ఈరోజే ఆయనకు మెసేజ్ పెట్టండి: ‘తల్లిదండ్రులిద్దరి తుంటి గ్రేడు, ఈ ఏడాది కళ్ల రిపోర్టు, తల్లి డీఎన్ఏ ఫలితం, మైక్రోచిప్ నంబర్లు పంపండి. ఇద్దరి ఎత్తు, బరువు రాయండి. అవి చూశాకే మిగతాది కడతాం.’ ఫోన్లో చెప్పొద్దు, రాతలోనే ఉండాలి. పంపకపోతే అడ్వాన్స్ వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా సరే, ఆ కొంచెం కోసం మిగతాది కట్టకండి. రిపోర్టులు వస్తే నాకు పంపండి, కలిసి చదువుదాం. మీ అబ్బాయికి కూడా ఆ ఎత్తు కొలిచే పద్ధతి చూపించండి, కుక్కను చూడటానికి వెళ్లినప్పుడు టేపు వాడే పట్టుకుంటాడు.