నాటకం నేర్పితే ఆటిజం తగ్గుతుందా?

ప్రశ్న: ఆటిజం ఉన్న మా 11 ఏళ్ల అబ్బాయిని నాటకాల్లో చేర్పించమని బంధువులు అంటున్నారు. ప్రయోజనం ఉంటుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆటిజం పోతుందని ఆశ పెట్టుకోకండమ్మా; నలుగురితో మెలగడం మాత్రం కొంత సులువు కావచ్చు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త బ్లైత్ కార్బెట్ నడిపే ‘సెన్స్ థియేటర్’లో, ముందే శిక్షణ పొందిన తోటి ఈడు పిల్లలు ఆటిజం ఉన్న పిల్లలకు జోడీగా ఉండి, ఆటలతో, అప్పటికప్పుడు అల్లుకునే సన్నివేశాలతో మొదలుపెట్టి, చివరకు అందరూ కలిసి నాటకం ప్రదర్శిస్తారు. 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు 30 మందితో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 10 తరగతులు పూర్తిచేసినవారికి ముఖాలను గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది. చిన్న అధ్యయనమే అనుకోండి. స్పీచ్ థెరపీ మానిపించవద్దు. చేర్పించేముందు ఒక రిహార్సల్ చూడండి: బాబు చెవులు మూసుకుంటే మైకు ఆపుతారా, లేక కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పుతారా అన్నది అక్కడే తెలుస్తుంది.